రోగం పేరు షుగర్, నేరమంతా చక్కెరదేనా?

(హనుమకొండలో పొద్దున నడకకు వచ్చేవాళ్ళు ఏర్పాటు చేసుకున్న సమావేశంలో ఒక జనరల్ ఫిజీషియన్ మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిల్చున్నవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. డాక్టర్ పక్కన కూర్చుంటే బీపీ చూస్తాడని భయమేమో, ఈరోజు మిషన్ తేలేదు. తెచ్చిందల్లా ఇదిగో, ఒక చక్కెర డబ్బా, ఒక స్పూను, ఒక గాజు గ్లాసు, ఒక కూల్ డ్రింక్ సీసా. వాటి సంగతి తర్వాత.

ముందు ఒకటి అడుగుతాను. షుగర్ ఉన్నవాళ్ళు చేతులెత్తండి. ఓహో, సగానికి సగం ఉన్నారు. సరే, మీలో చక్కెర మానేసినవాళ్ళు? దాదాపు అవే చేతులు. మంచిది. ఇప్పుడు అన్నం తగ్గించినవాళ్ళు? అన్నం, అన్నం. నవ్వుతున్నారు గానీ చేతులు లేవడం లేదు. మూడు, నాలుగు. అంతే.

నేను చెప్పాలనుకున్నది మీ చేతులే చెప్పేశాయి. అయినా పిలిచారు కాబట్టి కాసేపు మాట్లాడతాను.

మన దగ్గర ఈ రోగానికి ఒక చిక్కు పేరు పడింది. పాత వైద్యులు మధుమేహం అన్నారు, మూత్రానికి చీమలు పట్టడం వాళ్ళు గమనించారు. తర్వాత డయాబెటిస్ అన్నాం. ఇప్పుడు ఇంట్లో, బజారులో ఎవరైనా ఆ మాటలు అంటున్నారా? 'ఆయనకు షుగర్ ఉంది.' 'షుగర్ గోలీ వేసుకున్నావా?' 'షుగర్ చూపించుకున్నా, రెండు వందలు దాటింది.' రోగం పేరూ షుగరే, పరీక్ష పేరూ షుగరే, డబ్బాలో ఉన్న దాని పేరూ షుగరే. పచ్చకామెర్లు వస్తే కూరలో పసుపు మానేసేవాళ్ళు ఉన్నారు కదా? రోగం పచ్చగా ఉంది, పసుపు పచ్చగా ఉంది, కాబట్టి మానేయాలి. ఇదీ అట్లాంటిదే. షుగర్ వచ్చింది, షుగర్ మానేశాను, ఇక నా పని అయిపోయింది.

పరకాల వైపు ఊరి నుంచి ఒక పెద్దాయన నా దగ్గరికి వస్తాడు. ఒకసారి రిపోర్టు బల్ల మీద పెట్టి కోపంగా అడిగాడు. "డాక్టర్ సాబ్, నేను చక్కెర ముట్టక ఆరేండ్లయె. చాయ్ కూడ సప్పగనే తాగుత. మరి ఇది ఎట్ల పెరిగె?" మూడు నెలల సగటు చూపించే పరీక్ష ఉంటుంది కదా, హెచ్‌బీఏ1సీ, అది 10 ఉంది. 6.5 గానీ, అంతకు మించి గానీ ఉంటేనే డయాబెటిస్ అంటాం. ఏం తింటావు పెద్దనాయనా అని అడిగాను. "ఏమున్నది, పొద్దుగాల బువ్వే, పగటికి బువ్వే, రాత్రికి బువ్వే." ఎంత? రెండు చేతులూ దగ్గరపెట్టి కుప్ప చూపించాడు. కూర? ఒక వేలు చూపించాడు. కొసరుగా, చాయ్‌తో నాలుగు బిస్కట్లు. అవి ఉప్పు బిస్కట్లట, అందుకని లెక్కలోకి రావట.

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆరేళ్లు నిజంగానే చక్కెర ముట్టలేదు. పండగకు ఇంటిల్లిపాదీ మలీద ముద్దలు తింటుంటే పక్కన కూర్చుని చూశాడు. అంత నిష్ఠ. ఆ నిష్ఠలో సగం బువ్వ మీద పెట్టి ఉంటే ఆ రిపోర్టు వేరే తీరుగా ఉండేది.

ఇంటికి వెళ్ళాక ఒక పని చేయండి. ముద్ద అన్నం కూర లేకుండా నోట్లో పెట్టుకుని, మింగకుండా, రెండు నిమిషాలు నమలండి. కాసేపటికి తియ్యగా అవుతుంది. ఎవరు వేశారు అందులో చక్కెర? ఎవరూ వేయలేదు. పిండిపదార్థం అంటే గ్లూకోజు గింజలు గుచ్చిన దండ. మన ఉమ్మిలోనే ఆ దండను తెంపే ఎంజైము ఉంది. మిగతాది పేగులో తెగుతుంది. తెగిన గింజ రక్తంలోకి వెళ్తుంది. రక్తానికి అది అన్నం నుంచి వచ్చిందా, లడ్డూ నుంచి వచ్చిందా తెలియదు.

ఇంకో చిత్రం వినండి. మన చక్కెర అణువులో సగమే గ్లూకోజు, మిగతా సగం ఫ్రక్టోజు. ఆ రెండో సగం నేరుగా రక్తంలో గ్లూకోజును పెంచదు, ఎక్కువగా కాలేయానికి వెళ్తుంది. అన్నంలో పిండి మాత్రం మొత్తానికి మొత్తం గ్లూకోజే. అందుకని, చక్కెరను, తెల్ల అన్నంలోని పిండిని సమానంగా తూచి చూస్తే, రక్తంలో గ్లూకోజును పెంచడంలో అన్నం చక్కెరకు ఏమీ తీసిపోదు. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం. పెద్దాయన కుప్ప 400 గ్రాములు అనుకోండి, 110 గ్రాములు దాటింది. ఒక్క పూటకు. చాయ్‌లో ఆయన మానేసింది 4 గ్రాముల స్పూను.

ఆగండి, ఆగండి. ఆ మూల నుంచి ఒక సార్ పక్కాయనతో ఏదో అంటున్నారు, నాకు వినపడింది. 'అయితే చక్కెర తినొచ్చన్నమాట.' నేను అట్లా అన్నానా? అనలేదు. అన్నం దోషి అయితే చక్కెర నిర్దోషి అయిపోదు. ఇద్దరు దొంగల్లో ఒకణ్ణే పట్టుకున్నాం, రెండోవాడు మన పళ్ళెంలోనే కూర్చున్నాడు అంటున్నాను.

ఇక అసలు ప్రశ్న. చక్కెర తింటే షుగర్ వస్తుందా?

దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పేవాణ్ణి నమ్మకండి, నన్ను కూడా. మొదట, పిల్లలకు వచ్చే టైప్ 1 ఉంది. దానికీ తిన్న తీపికీ సంబంధం లేదు. శరీరం తన రక్షణ కణాలతో తనే ఇన్సులిన్ చేసే కణాలను చంపుకుంటుంది. పదేళ్ల పాపకు ఇది వస్తే తల్లి నా ముందు కూర్చుని ఏడ్చింది. 'నేనే చాక్లెట్లు కొనిచ్చిన సార్, నేనే చేసుకున్న.' అత్తగారింట్లో వాళ్ళూ అదే అన్నారట. ఆ తల్లికి మందు చీటీ రాయడానికి ముందు నేను అరగంట ఆ మాటే చెప్పాల్సి వచ్చింది, అమ్మా, నీ చాక్లెట్టు వల్ల కాదు అని. దయచేసి ఏ తల్లినీ ఆ మాట అనకండి.

పెద్దవాళ్ళకు వచ్చే టైప్ 2 వేరు. వంశం ఉంది, పొట్ట చుట్టూ కొవ్వు ఉంది, కదలకుండా కూర్చోవడం ఉంది, నిద్ర ఉంది. భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్, దేశమంతా తిరిగి చేసిన సర్వే 2023లో అచ్చయింది. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా డయాబెటిస్, ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మంలో ఉన్నారని అంచనా. ఇంతమందీ చక్కెర బొక్కారా? కాదు. అయితే తీపి పానీయాలు రోజూ తాగేవాళ్ళలో టైప్ 2 ఎక్కువని చాలా దేశాల అధ్యయనాల్లో మళ్ళీ మళ్ళీ తేలింది. బరువు పెంచడం ఒక దారి, కాలేయానికి కొవ్వు పట్టించడం ఇంకో దారి. ఇందాక ఫ్రక్టోజు కాలేయానికి వెళ్తుందన్నాను కదా, మోతాదు మించితే అక్కడ కొవ్వుగా మారుతుంది.

ఇప్పుడు ఈ సీసా. అమ్మా, ముందు వరుసలో మీరు, ఒకసారి రండి. స్పూను తీసుకోండి. కుప్పగా కాదు, అంచుకు సమానంగా. అట్లా ఒక స్పూను 4 గ్రాములు. సీసా మీద చిన్న అక్షరాల్లో ఉంది, నేను చదువుతాను, కళ్ళద్దాలు ఉండనివ్వండి. 100 మిల్లీలీటర్లకు 10.6 గ్రాములు. సీసా 600 మిల్లీలీటర్లు. అంటే 63 గ్రాముల పైన. గ్లాసులో వేస్తూ పోండి, అందరూ లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు... పోయండమ్మా, ఆపకండి. ఎనిమిది. సగమే అయింది. పన్నెండు. పదిహేను. పదహారు దగ్గర ఆపండి. గ్లాసు పైకెత్తి చూపించండి.

ఇంత చక్కెర చాయ్‌లో వేసి ఇస్తే మీరు తాగుతారా? మొహాన కొడతారు. పుల్లటి ఆమ్లం, గ్యాసు, చల్లదనం, ఈ మూడూ కలిసి నాలుకను మోసం చేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన హద్దు ఏమిటంటే, రోజు మొత్తం మీద పైనుంచి కలిపిన తీపి 50 గ్రాములు దాటకూడదు, 25కు దించగలిగితే ఇంకా మేలు. 2000 క్యాలరీలు తినే మనిషి లెక్క ఇది. పాలలోని తీపి, పండు మొత్తంగా కొరికి తింటే వచ్చే తీపి అందులోకి రావు. తేనె వస్తుంది. పండ్ల రసం వస్తుంది. అవును, ఇంట్లో తీసిన రసం కూడా. బత్తాయి ఒలుచుకుని ఒకటి తింటే చాలనిపిస్తుంది, రసం తీస్తే నాలుగు కాయలు గడగడా దిగిపోతాయి. థాంక్స్ అమ్మా, కూర్చోండి. గ్లాసు అక్కడే ఉండనివ్వండి.

బెల్లం సంగతి చెప్పమని చీటీ వచ్చింది. వస్తుందని తెలుసు. బెల్లం లేకుండా మన ఓరుగల్లు జిల్లాల్లో ఈ మాట ముగియదు.

మేడారంలో బెల్లాన్ని మనం ఏమంటాం? బంగారం. నిలువెత్తు బంగారం తూకం వేయించి అమ్మవార్లకు సమర్పిస్తాం. మా అమ్మ నన్ను కూడా చిన్నప్పుడు తూచింది, ఇప్పుడు తూస్తే ఖర్చు ఎక్కువవుతుంది. అది మొక్కు, దాని జోలికి నేను పోను. కానీ ఆ బంగారం ముక్క నోట్లో పెట్టుకున్నాక పేగులో ఏమవుతుందో చెప్పడం నా పని. చక్కెర దాదాపు మొత్తం సుక్రోజు. బెల్లంలో నూటికి 65 నుంచి 85 పాళ్లు అదే సుక్రోజు, మిగతాది కొంత గ్లూకోజు, ఫ్రక్టోజు, తేమ, కాస్త ఖనిజాలు. క్యాలరీలు 100 గ్రాములకు చక్కెరలో 400 అయితే బెల్లంలో సుమారు 380. షుగర్ ఉన్నవాళ్ళు 'నేను బెల్లం చాయ్ తాగుతున్నా' అని ధీమాగా చెబుతారు. షుగర్ చూసే మీటరుకు ఆ ధీమా తెలియదు.

'ఐరన్ ఉంటది కదా సార్?' ఉంటుంది. కాదనను. పది గ్రాముల ముక్కలో ఎంత? ఉదారంగా లెక్కేసినా ఒక మిల్లీగ్రాము. ఆడవాళ్ళకు రోజుకు కావలసింది 29 మిల్లీగ్రాములని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. బెల్లంతో ఆ లోటు తీర్చాలంటే రోజూ మేడారం పోవాలి. రక్తం తక్కువున్న ఆడపిల్లకు బెల్లం ముక్క చేతిలో పెట్టి ఊరుకోకండి, ఐరన్ గోలీ ఇప్పించండి.

చక్కెరను ఎముకల బూడిదతో తెల్లగా చేస్తారని వాట్సాప్‌లో వచ్చింది, నాకు ముగ్గురు పంపారు. కొన్ని దేశాల్లో శుద్ధి ఫ్యాక్టరీల్లో ఎముకల బొగ్గు వాడతారు, నిజమే. మన మిల్లుల్లో ఎక్కువగా నడిచే పద్ధతి వేరు, రసంలో సున్నం, గంధకపు పొగ పట్టించి మడ్డి విడదీస్తారు. బోధన్ వైపు వాళ్ళెవరైనా ఉన్నారా? ఉన్నారు, ఆ సార్ చెయ్యెత్తారు. మీకు నాకంటే బాగా తెలిసి ఉంటుంది. నిజాం కాలంలో 1937లో పెట్టిన చక్కెర ఫ్యాక్టరీ, దాని పక్కన శక్కర్‌నగర్ అని ఊరే వెలిసింది. 2015 డిసెంబరులో తాళం పడింది. ఆ బాధ వేరే ఉపన్యాసం.

రసాయనాలు చక్కెరలోనే వేస్తారనుకోకండి. బెల్లం పసుపుపచ్చగా మెరవాలని వండేటప్పుడు హైడ్రోస్ అనే రంగు తేల్చే రసాయనం కలిపేవాళ్ళున్నారు. కొనేవాళ్ళం మనమే కదా, నల్లగా ఉంటే పక్కకు నెడతాం. పైగా నల్లబెల్లం అంటే మన దగ్గర గుడుంబా, వెంటనే ఎక్సైజ్ వాళ్ళు గుర్తుకొస్తారు.

ఇంతసేపూ చక్కెర మీద కేసు నడిపాను. ఇప్పుడు దాని తరఫున రెండు మాటలు. నిజానికి ఇవి చెప్పడానికే వచ్చాను.

కాజీపేట వైపు ఒక ఇల్లు. డెబ్బై దాటిన ఆయన. పొద్దున షుగర్ గోలీ వేసుకున్నాడు, ఏదో పని పడి టిఫిన్ తినలేదు, నడకకు వెళ్ళొచ్చాడు. తిరిగొచ్చేసరికి ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. ఇంట్లో వాళ్ళకు గుండెపోటు అనిపించింది. పక్కింటామె చక్కెర నీళ్లు పట్టమంది. కొడుకు చెయ్యి అడ్డం పెట్టాడట, 'వద్దు, నాన్నకు షుగర్ ఉంది' అని. చూడండి, మళ్ళీ ఆ పేరే. ఆయనకు ఆ నిమిషంలో ఉన్నది షుగర్ లేకపోవడం! నా దగ్గరికి తెచ్చేసరికి మీటరులో 41. గ్లూకోజు ఎక్కించగానే లేచి కూర్చుని చెప్పులేవీ అని అడిగాడు. ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో ఆ కొడుక్కి తర్వాత చెప్పాను.

రాసుకోండి. షుగర్ గోలీలు గానీ, ఇన్సులిన్ గానీ వాడే మనిషికి చెమట, వణుకు, కంగారు, విపరీతమైన ఆకలి వస్తే వెంటనే మీటరుతో చూడండి. 70 కంటే తక్కువ ఉన్నా, మీటరు దొరక్కపోయినా, అరగ్లాసు నీళ్లలో మూడు స్పూన్ల చక్కెర కలిపి తాగించండి. పదిహేను నిమిషాల తర్వాత మళ్ళీ చూడండి, ఇంకా 70 లోపే ఉన్నా, వణుకు, చెమట తగ్గకపోయినా మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక ఏదైనా తినిపించండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నేరుగా ఆసుపత్రికి. మీరు నడకకు వచ్చేటప్పుడు జేబులో ఏం పెట్టుకుంటారు? ఫోన్. రేపటి నుంచి దాని పక్కన చిన్న పొట్లంలో చక్కెర.

రెండోది. పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే ఇచ్చే ఓఆర్ఎస్. అందులో గ్లూకోజు ఎందుకు? రుచికి కాదు. పేగు గోడలో ఒక తలుపు ఉంది, అది ఉప్పును, గ్లూకోజును జంటగా వస్తేనే లోపలికి లాగుతుంది, వాటి వెనక నీళ్లు వెళ్తాయి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన కాందిశీకుల శిబిరంలో కలరా వచ్చింది, సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, బేకింగ్ సోడా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి తాగించారు. చావులు బాగా తగ్గాయి. ఇంట్లో చేసుకోవాలంటే లీటరు నీళ్లకు సమానంగా తీసిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. ఎక్కువ తీపి వేస్తే బిడ్డ తాగుతాడని చక్కెర పెంచకండి, విరేచనాలు పెరుగుతాయి.

ఇక్కడ కూడా పేరుతోనే మోసం జరిగింది. ఓఆర్ఎస్ అనే అక్షరాలు డబ్బా మీద వేసుకుని, లోపల దానికంటే ఎన్నో రెట్లు చక్కెర ఉన్న పానీయాలు మందుల షాపుల్లోనే అమ్మారు. తల్లులు మందు అనుకుని పట్టారు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి దాని మీద కొట్లాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు అట్లా వాడకూడదని ఆదేశం ఇచ్చింది. పేరు చూసి కొనకండి, ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందా చూడండి.

మరి ఇన్ని తప్పుడు మాటలు ఎక్కడి నుంచి వస్తాయి? అన్నీ అమాయకంగా రావు. 1965లో అమెరికాలో చక్కెర పరిశ్రమ వాళ్ళ సంస్థ ఒకటి హార్వర్డ్ పరిశోధకులకు డబ్బిచ్చి గుండె జబ్బుల మీద వ్యాసం రాయించుకుంది. తప్పు కొవ్వు మీదికి నెట్టి, చక్కెర మీది అనుమానాన్ని తేలిక చేసిన వ్యాసం అది. 1967లో పెద్ద వైద్య పత్రికలో వచ్చింది. డబ్బు ఎవరిచ్చారో అందులో లేదు. పాత ఉత్తరాలు బయటపడి 2016లో లోకానికి తెలిసింది. అది అటువైపు. ఇటువైపు 'చక్కెర తెల్ల విషం' అని వీడియో పెట్టినాయన చివర్లో ఏం చేస్తాడు? తేనె సీసా చూపిస్తాడు, కింద నంబరు ఉంటుంది.

టైమ్ చూపిస్తున్నారు. మిగతావి గబగబా. తీపి తింటే పిల్లలు అల్లరి చేస్తారా? పరీక్షించి చూశారు, సంబంధం దొరకలేదు. 1994లో ఒక ప్రయోగంలో పిల్లలకు చక్కెర లేని పానీయమే ఇచ్చి, కొందరు తల్లులకు మాత్రం చక్కెర ఇచ్చామని చెప్పారు. ఆ తల్లులకు తమ పిల్లలే ఎక్కువ అల్లరిగా కనిపించారు. పుట్టినరోజు దావత్‌లో పిల్లలు గంతులేసేది కేకు వల్ల కాదు, పదిమంది ఒకచోట చేరినందుకు.

చక్కెర మానేస్తే క్యాన్సర్ గడ్డ ఎండిపోతుందా? క్యాన్సర్ కణాలు గ్లూకోజు ఎక్కువ లాక్కుంటాయి, వందేళ్ల కిందట వార్‌బర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్త చూపించాడు, క్యాన్సర్ ఎక్కడుందో వెతికే పెట్ స్కాన్ పనిచేసేది కూడా ఆ గుణం మీదే. కానీ మీరు మానేసినా కాలేయం గ్లూకోజు తయారు చేస్తూనే ఉంటుంది. కీమో తీసుకుంటున్న మనిషిని పస్తు పెడితే ఎండిపోయేది మనిషే.

పళ్ళు పుచ్చడం మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. అక్కడ ఎంత తిన్నామన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం. జిగటగా పంటికి అంటుకునే చాక్లెట్టు రోజంతా చప్పరించడం అన్నిటికంటే చెడ్డది.

ఏంటి సార్? 'చాయ్‌లో ఎన్ని స్పూన్లు?' మీకు షుగర్ ఉందా? లేదు. రోజుకు ఎన్ని చాయ్‌లు? నిజం చెప్పండి, మేడమ్ పక్కనే ఉన్నారు. ఆరు. ఒక్కో దాంట్లో రెండు స్పూన్లు. పన్నెండు స్పూన్లు, 48 గ్రాములు. బిస్కట్టు, పెరుగన్నం తర్వాత అరటిపండు ఇంకా మొదలే కాలేదు, మీ కోటా చాయ్ దగ్గరే అయిపోయింది. అరటిపండు లెక్కలోకి రాదులెండి, కంగారుపడకండి. ఆరింటిని నాలుగు చేయండి, రెండు స్పూన్లను ఒకటిన్నర చేయండి. ఒక నెల తర్వాత ఒకటి. నాలుక కొన్నాళ్లు గొణుగుతుంది, తర్వాత పాత చాయ్ ఇస్తే తాగలేరు. నేనూ అట్లాగే మార్చుకున్నాను, ఎనిమిది వారాలు పట్టింది.

చాలు, టిఫిన్ చల్లారుతోంది. అమ్మా, ఆ గ్లాసులో చక్కెర పారబోయకండి, డబ్బాలో పోసి ఇవ్వండి. ఇంట్లో చెప్పకుండా తెచ్చాను.